అప్‌డేట్: లుకప్‌వాల్యూ ఎర్రర్ పోయింది, తేడా క్యాపిటల్, స్మాల్ లెటర్స్‌లో ఉంది

పోయిన వారం నేనడిగింది ఇదీ: పవర్ బీఐ (డేటా రిపోర్టులు చేసే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్)లో అమ్మకాల టేబుల్‌కి లుకప్‌వాల్యూతో, అంటే కోడ్‌ని బట్టి వేరే టేబుల్‌లో విలువ వెతికి తెచ్చే ఫంక్షన్‌తో, డిస్కౌంట్ శాతం తెచ్చే క్యాలిక్యులేటెడ్ కాలమ్ (ఫార్ములాతో లెక్కకట్టే కాలమ్) రాస్తే, ఒక్క విలువ రావాల్సిన చోట చాలా విలువలు వచ్చాయంటూ కాలమ్ మొత్తం ఎర్రర్ అయింది. పవర్ క్వెరీలో (డేటాని లోడ్ చేసే ముందు శుభ్రం చేసే భాగం) డిస్కౌంట్ టేబుల్‌లోని డూప్లికేట్ కోడ్‌లు తీసేశాక కూడా ఇదేంటో అర్థం కాలేదు. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

ప్రతి కోడ్ ఎన్నిసార్లుందో మోడల్‌లోనే (లోడ్ అయిన టేబుళ్లలోనే) లెక్కపెట్టమన్న సలహాతో అసలు సంగతి బయటపడింది. ఒకే కోడ్ ఒక వరుసలో క్యాపిటల్ లెటర్స్‌లో, డిస్కౌంట్ 5. ఇంకో వరుసలో స్మాల్ లెటర్స్‌లో, డిస్కౌంట్ 8. పవర్ క్వెరీకి అవి రెండు వేర్వేరు కోడ్‌లు కాబట్టి రెండింటినీ ఉంచేసింది. లుకప్‌వాల్యూ లాంటి ఫార్ములాలు రాసే భాష డాక్స్ (DAX)కి మాత్రం రెండూ ఒకటే. ఇలాంటి జంటలు 7 ఉన్నాయి, కానీ 2 మాత్రమే దెబ్బకొట్టాయి. మిగతా 5 జంటల్లో డిస్కౌంట్ ఒకటే కాబట్టి లుకప్‌వాల్యూ దాన్నే ఇస్తుంది, గొడవ లేదు. అందుకే పట్టుకోవడం ఇంత కష్టమైంది.

పవర్ క్వెరీలో ముందు కోడ్‌లని ట్రిమ్ (అటూ ఇటూ ఖాళీలు తీసేయడం), అప్పర్‌కేస్ (అన్నీ క్యాపిటల్ లెటర్స్‌లోకి మార్చడం) చేసి, సరైన డిస్కౌంట్ ఏదో కనుక్కుని, ఆ తర్వాతే డూప్లికేట్లు తీశాను. ఈ క్రమం తప్పితే ఏ విలువ మిగులుతుందో చెప్పలేం.

డేటా టైప్ సరిగ్గానే ఉంది, దానికీ ఈ ఎర్రర్‌కీ సంబంధం లేదు. లుకప్‌వాల్యూ చివర్లో ప్రత్యామ్నాయ విలువ ఇస్తే ఎర్రర్ పోతుంది గానీ తప్పుడు వరుసలు దాక్కుంటాయి, అది వద్దనుకున్నాను. కోడ్‌లు యూనిక్ అయ్యాక రెండు టేబుళ్ల మధ్య రిలేషన్‌షిప్ కలిపి, దాని ద్వారా విలువ తెచ్చే రిలేటెడ్ ఫంక్షన్‌కి మారిపోయాను.