అప్‌డేట్: వెబ్ ఆల్బమ్‌లో థంబ్‌నెయిల్స్ (చిన్న బొమ్మలు) వస్తున్నాయి, నొక్కితే ఫోటో రావట్లేదు (పరిష్కారమైంది)

సాయం చేసినవాళ్లందరికీ థాంక్సండీ. చెల్లి పెళ్లి ఫోటోలతో ఇర్ఫాన్‌వ్యూ అనే ఫోటోల ప్రోగ్రామ్‌లో హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ) ఆల్బమ్ చేస్తే ఇంట్లో బ్రహ్మాండంగా తెరుచుకుని, సర్వర్‌లో పెట్టగానే ఫోటో నొక్కితే 404 (ఫైలు దొరకలేదు) చూపిస్తోందని అడిగాను కదా.

అడ్రస్ బార్‌లో ఫోటో పేరు మొత్తాన్ని, చివరి జేపీజీతో సహా, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో (jpg లాగా) కొట్టి చూడమన్న అన్నగారి మాటే పనిచేసింది. కొట్టగానే తాళి కట్టే ఫోటో టక్కున ప్రత్యక్షం!

సంగతేంటంటే, కెమెరాలు డీసీఎఫ్ అనే, ఫోటో ఫైళ్లకు పేర్లు పెట్టే ప్రామాణిక పద్ధతిలో నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు, ఆపైన పెద్ద అక్షరాల జేపీజీతో (JPG) పేర్లు పెడతాయి. ఆల్బమ్ లింకులూ అలాగే ఉన్నాయి. ఫైళ్లను సర్వర్‌కి ఎక్కించే ఎఫ్‌టీపీ ప్రోగ్రామ్‌లో మాత్రం పేర్లను చిన్న అక్షరాల్లోకి మార్చే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. విండోస్‌కి రెండూ ఒకటే, లినక్స్ సర్వర్‌కి వేర్వేరు ఫైళ్లు. థంబ్‌నెయిల్స్ పేర్లు మొదట్నుంచీ చిన్న అక్షరాల్లోనే ఉండటంతో అవి బతికిపోయాయి.

సెట్టింగ్ తీసేసి, సర్వర్‌లోవి చెరిపి, ఫోటోలు మళ్లీ ఎక్కించాను. ఆల్బమ్ మళ్లీ తయారుచేయక్కర్లేదు.

ఫోటో సైజు, బ్రౌజర్ క్యాష్ (బ్రౌజర్ దాచుకునే పాత కాపీలు), ఫోల్డర్‌కి తెలుగు పేరు: వీటికీ దీనికీ సంబంధం లేదు. ఫోల్డర్ పేరు ఇప్పటికీ తెలుగులోనే ఉంది. హోస్టింగ్ వాళ్లు ప్లాన్ మార్చుకోమన్నారు, అదీ అనవసరమే.