హువో యువాన్‌జియా చేయని పాపం ఆయన నెత్తిన పెట్టొచ్చా? (‘ఫియర్‌లెస్’ మీద చర్చ)

పాతరీలు:
జెట్ లీ ‘ఫియర్‌లెస్’ మళ్లీ చూశాను. 2006లో వచ్చింది, డైరెక్టర్ రానీ యు, ఫైట్లు యువెన్ వూ-పింగ్. ఫైట్ల మీద నాకు ఒక్క కంప్లైంట్ కూడా లేదు. నా గొడవ వేరే.

చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తాను. చైనాలోని తియాన్‌జిన్‌లో నంబర్ వన్ అనిపించుకోవాలన్న పిచ్చి ఉన్న ఫైటర్ హువో యువాన్‌జియా. ఇంటి పరిస్థితి చూసుకోడు, చిన్ననాటి స్నేహితుడి హోటల్లో అప్పు పెట్టి శిష్యులకు మందు పోయిస్తుంటాడు. ఒక శిష్యుడిని చిన్ అనే మాస్టర్ కొట్టాడని తెలిసి, ఎందుకు కొట్టాడో అడగకుండా వెళ్లి, ఆ మాస్టర్‌ని చంపేస్తాడు. పగతో చిన్ తరపు మనిషి హువో తల్లినీ చిన్న కూతురినీ నరికేస్తాడు. తప్పు తన శిష్యుడిదేనని అప్పుడు తెలుస్తుంది. ఊరు వదిలి, చావుకు దగ్గరపడి, ఎక్కడో కొండ పల్లెలో ఒక ముసలావిడ, కళ్లు లేని అమ్మాయి దగ్గర మళ్లీ మనిషవుతాడు. తిరిగొచ్చి విదేశీ ఫైటర్లతో పోటీ పడి, విషప్రయోగంతో చనిపోతాడు.

ఇప్పుడు అసలు మనిషి సంగతి. హువో నిజంగా బతికిన చైనా మార్షల్ ఆర్ట్స్ మాస్టర్. 1868లో తియాన్‌జిన్ దగ్గర పల్లెలో పుట్టి 1910లో షాంఘైలో పోయాడు. పిల్లలు ఐదుగురు, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. పగతో ఎవరో ఇంటిల్లిపాదినీ చంపడం లేదు, తాగి తందనాలాడి ఒకరిని చంపడమూ లేదు. సినిమా రాగానే ఆయన మనుమడు మా తాత పరువు తీశారని కేసు వేశాడు. బీజింగ్ కోర్టు కొట్టేసింది.

చట్టప్రకారం కోర్టు చెప్పింది సరే. నా ప్రశ్న ఏంటంటే, ఒక మనిషికి పశ్చాత్తాపం చూపించడం కోసం ఆయన చేయని హత్యని ఆయన చేత చేయించొచ్చా?

సెకండ్‌షో:
చేయించొచ్చు. లేకపోతే సినిమా ఎక్కడుంది బ్రదర్? పుట్టుకతోనే మంచివాడు, దేశం కోసం కొట్టాడు, చచ్చిపోయాడు అంటే అది గోడ మీద దండేసిన ఫోటో. 1972లో బ్రూస్ లీ ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’లో హువో అదే కదా. సినిమా మొదలయ్యేసరికే పోయుంటాడు, గురువుగారి ఫోటో పెట్టి శిష్యుడు చెన్ జెన్ ఏడుస్తాడు. ఆ చెన్ జెన్ కూడా కల్పితమే. అప్పుడు ఎవరూ అడగలేదు.

పాతరీలు:
చెన్ జెన్ కల్పితం కాబట్టే అడగలేదు. నేనూ అదే అంటున్నాను. కల్పించిన మనిషితో ఎన్ని పాపాలైనా చేయించుకోండి. హువోకి ఒక శిష్యుడిని సృష్టించి, ఆ తాగుడూ హత్యా వాడి ఖాతాలో వేసి, వాడే మారి గురువు బాట పట్టాడని తీస్తే ఏం పోయేది? కథ ఇదే, ఫైట్లు ఇవే. పోస్టర్ మీద పెద్ద పేరు కావాలి, కింద కథ మనకు నచ్చినట్టు కావాలి అంటేనే నాకు మండేది.

చరిత్రపిచ్చి:
పాతరీలు గారూ, మీరు ‘అసలు మనిషి’ అంటున్నారు గానీ, ఆ అసలు మనిషి గురించి మనకు తెలిసింది ఎంత? చిన్నప్పుడు బలహీనంగా, జబ్బుతో ఉండేవాడని, తండ్రి తమ ఇంటి విద్య మీజోంగ్ నేర్పడానికి ఒప్పుకోలేదని, చాటుగా చూసి నేర్చుకున్నాడని చెప్తారు. తర్వాత తియాన్‌జిన్‌లో మందుల కొట్టులో పని. పేరు తెచ్చిన రెండు సంఘటనలు చూడండి. తియాన్‌జిన్‌లో రష్యన్ మల్లుడు ఒకడు చైనావాళ్లను కించపరుస్తూ సవాలు విసిరితే హువో వెళ్లాడు, వాడు తగ్గాడు. తర్వాత షాంఘైలో ఓబ్రియన్ అనే బాక్సర్‌తో పోటీ పెట్టుకున్నారు, నియమాల దగ్గర బేరాలాడి చివరికి ఆ బాక్సర్ రాలేదు. అంటే ఆయన కీర్తిలో పెద్ద భాగం జరగని ఫైట్లే!

షాంఘైలో మార్షల్ ఆర్ట్స్ నేర్పే జింగ్‌వూ సంఘం 1910లో పెట్టారు, ఆ ఏడాదే ఆయన పోయాడు. సంఘాన్ని నిలబెట్టింది ఆయన తర్వాతివాళ్లు. వాళ్లకు ఒక మూలపురుషుడు కావాలి. 1920ల్లో వచ్చిన ఒక సీరియల్ నవల ఆయన్ని ఇంకా పెద్ద హీరోని చేసింది. బ్రూస్ లీ దాకా వచ్చేసరికి పురాణం అయిపోయింది. సినిమావాళ్లు చరిత్రని చెడగొట్టారని మీరంటున్నారు. వాళ్ల చేతికొచ్చింది చరిత్ర కాదు, అప్పటికే ఎనభై ఏళ్లుగా అల్లిన కథ.

పాతరీలు:
ఒప్పుకుంటాను, కీర్తి పెంచారు. కానీ పొగడ్త అబద్ధమైతే నష్టం ఎవరికి? నేరం అబద్ధమైతే మాత్రం నష్టం ఆయన ఇంటిపేరుకి. సినిమా వచ్చేనాటికి మనుమడు బతికే ఉన్నాడు. మీ తాత ఒకరిని అన్యాయంగా చంపాడట కదా, మీ మేనత్తని పసితనంలోనే నరికేశారట కదా అని పక్కింటివాడు అడిగితే ఏం చెప్పాలి?

ఓరుగల్లు_రాణి:
మనకు తెలియని విషయమేం కాదు కదండీ ఇది. ‘ఆర్‌ఆర్‌ఆర్’లో అల్లూరి చేత బ్రిటిష్ పోలీస్ యూనిఫాం వేయించి, కొమురం భీమ్‌ని కొరడాతో కొట్టించలేదా? అల్లూరి 1924లో పోతే భీమ్ 1940లో పోయాడు, ఇద్దరూ కలిసినట్టు ఆధారమే లేదు. పశ్చిమ గోదావరి నుంచి ఒకరు తెలంగాణ హైకోర్టులో పిల్ వేస్తే కోర్టు కొట్టేసింది. అప్పుడు మనలో చాలామంది థియేటర్లో ఈలలు వేశాం, నేనూ వేశాను. చైనా హీరో అనేసరికి ధర్మసందేహాలు వస్తున్నాయి.

బెజవాడ_కుర్రోడు:
అక్కా, అందులో రామ్ లోపల ఒక ప్లాన్ పెట్టుకుని ఆ ఉద్యోగం చేస్తాడు. ఆయన నిజంగా చెడ్డవాడు కాదని ఇంటర్వెల్ తర్వాత చెప్పేస్తారు. హువోకి ఆ సేఫ్టీ కూడా లేదు. నిజంగానే పొగరుబోతు, నిజంగానే చంపాడు. రాజమౌళి హీరోని కాపాడుకున్నాడు, రానీ యు కాపాడలేదు. అందుకే నాకు ‘ఫియర్‌లెస్’ ఎక్కువ నచ్చింది. సాకు చెప్పడు.

ఓరుగల్లు_రాణి:
మంచి పాయింట్ తమ్ముడూ. కానీ అది పాతరీలు గారి వాదనకే బలం కదా.

లంకపొలం:
మీరందరూ హత్య దగ్గరే ఆగిపోయారు. నాకు ఆ సినిమాలో గుర్తుండిపోయింది నాట్ల సీను. మాది డెల్టా, నాట్ల మధ్యే పెరిగాను.

హువో పల్లెలో మిగతావాళ్లతో కలిసి మడిలోకి దిగుతాడు. పక్కవాళ్లకంటే ముందుండాలని గబగబా నాటేస్తాడు, మొక్క పక్కనే మొక్క. అందరూ తమ పాటికి తాము నాటుకుంటుంటే వీడొక్కడే రేసులో ఉన్నట్టు ఉంటాడు. రాత్రి ఆ కళ్లు లేని అమ్మాయి మూన్ మడిలోకి దిగి, చేత్తో తడుముకుంటూ అవన్నీ పీకి మళ్లీ ఎడంగా నాటుతుంది. మా ఊళ్లో అయితే మేస్త్రి నలుగురి ముందూ తిట్టేవాడు. నాట్లు ఒత్తుగా పడితే పిలకలు రావు, గాలి ఆడదు, పురుగు పడుతుంది. కొత్త కూలీలు చేసే తప్పే అది, తొందర.

ఇంకోటి. గాలి వీస్తే పల్లెవాళ్లంతా పని ఆపి నిలబడతారు. మొదట హువో ఒక్కడే వంగి నాటుతూనే ఉంటాడు. తర్వాత వాడూ ఆగుతాడు. ఒక్క డైలాగ్ లేకుండా మనిషి మారాడని చెప్పేశారు. మడిలో అలా తొందరపడేవాడు ఊళ్లో ఎలా ఉండేవాడో ముందు చూపించాలి కదా. ఆ మొదటి సగం లేకుండా ఈ సీను పండదు. అందుకే నేను సెకండ్‌షో గారి వైపు.

సెకండ్‌షో:
అదీ లెక్క! లంకపొలం గారూ, మీకు టీ ఇప్పిస్తాను.

పాతరీలు:
సీను బాగుందని నేనూ ఒప్పుకుంటాను, బాగా చెప్పారు. అయినా తొందరా, పొగరూ చూపించడానికి హత్య దాకా ఎందుకు వెళ్లాలి? పొగరు అంటే పొగరు చూపించండి.

చరిత్రపిచ్చి:
నన్నడిగితే ఆ సినిమాలో అసలు పేచీ పెట్టాల్సిన అబద్ధం చిన్ మాస్టర్ హత్య కాదు, విషం.

సినిమాలో 1910 పోటీలో ముందు ముగ్గురు యూరప్ ఫైటర్లని ఓడించాక జపాన్ ఫైటర్ తనాకాతో పోటీ. మధ్యలో జపాన్ పెద్దమనిషి ఒకడు హువో టీలో విషం కలిపిస్తాడు. రక్తం కక్కుతూ ఫైట్ చేసి, చంపగలిగిన దెబ్బ కొట్టకుండా ఆపి, చనిపోతాడు. నిజంగా ఆయన షాంఘైలో జబ్బుతో ఉన్నాడు, జపాన్ డాక్టర్ దగ్గర వైద్యం చేయించుకున్నాడు. విషం పెట్టారన్న అనుమానం జనంలో ఎప్పటినుంచో ఉంది. 1989లో సమాధి తవ్వినప్పుడు ఎముకల మీద నల్ల మచ్చలు కనపడ్డాయి, వాటిలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉందని తేలింది. కానీ ఆర్సెనిక్ చైనా సంప్రదాయ వైద్యంలో వేల ఏళ్లుగా మందుగా వాడుతున్నదే. పైగా రోగిష్టి. మందుతో చేరిందా, ఎవరైనా పెట్టారా అన్నది ఎముక చెప్పదు. సినిమా మాత్రం వందలమంది ముందు, రింగ్ పక్కనే, టీకప్పులో తేల్చేసింది. హువో మీద వేసిన నింద ఒక కుటుంబానికి సంబంధించింది. ఇది ఒక దేశం మీద వేసిన నింద.

బెజవాడ_కుర్రోడు:
తనాకాని మాత్రం పద్ధతిగా చూపించారు కదా. ఇద్దరూ కూర్చుని టీ తాగే సీన్లో, టీలో ఎక్కువ తక్కువలు ఉండవు, తాగేవాడి మనసులో ఉంటాయన్నట్టు మాట్లాడుకుంటారు. చివర్లో ఓటమి ఒప్పుకుని హువో చెయ్యి పైకెత్తేది తనాకానే. ఫైట్ మధ్యలో ఆయుధాలు కూడా మారతాయి, ఇతని మూడు ముక్కల కర్ర అతని చేతికి, అతని కత్తి ఇతని చేతికి. నకమురా షిదో బాగా చేశాడు.

చరిత్రపిచ్చి:
అదే పాత ట్రిక్ గురూ. ఒక మంచి జపాన్‌వాడిని పెట్టి, కుట్రని ఇంకో జపాన్‌వాడి మీద పెడితే బ్యాలెన్స్ అయిపోయిందనుకుంటారు. మన సినిమాల్లో మంచి తెల్లదొరసాని ఒకావిడ ఉంటుంది చూడండి, అలాగ.

సెకండ్‌షో:
డైరెక్టర్స్ కట్ చూశారా ఎవరైనా? అమెరికా థియేటర్లలో వేసింది 104 నిమిషాలు, ఇది 141. నటి మిషెల్ యో మొత్తం పాత్రే థియేటర్ వెర్షన్‌లో లేచిపోయింది. సోమ్లక్ కామ్సింగ్‌తో ఫైటూ పోయింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బాక్సింగ్‌లో థాయ్‌లాండ్‌కి మొదటి గోల్డ్ తెచ్చినవాడిని తీసుకొచ్చి, ఆ సీనే కత్తిరించారంటే ఏమనాలి! నా ఉద్దేశం, పాతరీలు గారికి ఆ పెద్ద వెర్షన్ చూపిస్తే కోపం సగం తగ్గుతుంది. మార్పుకి టైమ్ ఇచ్చారు అందులో. చిన్న వెర్షన్‌లో పొద్దున హంతకుడు, మధ్యాహ్నానికి మహాత్ముడు అన్నట్టుంటుంది.

పాతరీలు:
పెద్ద వెర్షనే చూశాను. మార్పు ఇంకా నమ్మేలా ఉంది, ఒప్పుకున్నా. దాంతో నా కోపం పెరిగింది. ఎందుకంటే జనం దాన్నే నిజమనుకుంటారు. ఇక్కడ ఇద్దరు ముగ్గురు స్నేహితుల్ని అడిగాను, హువో కుటుంబం మొత్తం పోయిందనే అనుకుంటున్నారు. ఇంకో తరం పోతే ఆయన జీవితమంటే ఈ సినిమానే.

పాపం లేకుండా కథ నడవదని అన్నారు కదా. ఈ సినిమాకి ఫైట్లు కట్టిన యువెన్ వూ-పింగే 1982లో హువో మీద ఒక సినిమా డైరెక్ట్ చేశాడు, ‘లెజెండ్ ఆఫ్ ఎ ఫైటర్’. అందులో రోగిష్టి పిల్లవాడు, నేర్పనంటున్న తండ్రి, చాటుగా నేర్పే గురువు. ఆ పిల్లవాడు పెద్దయి ఎవరినీ అన్యాయంగా చంపడు. అవమానం చాలు, టెన్షన్ వచ్చేసింది. ఫైట్లు దీనికేం తీసిపోవు.

చరిత్రపిచ్చి:
నమస్కారం! ఆ చాటుగా నేర్పే గురువు ఎవరో చెప్పలేదేం? వేషం మార్చుకుని పంతులుగా వచ్చిన జపాన్‌వాడు. హువో విద్య జపాన్‌వాడి భిక్ష అన్నమాట. కోర్టుకెళ్లాల్సింది ఆ సినిమా మీద.

పాతరీలు:
అదీ కల్పితమే, కాదనను. కానీ గురువు జపాన్‌వాడంటే హువోకి వచ్చే మచ్చేంటి? నేర్చుకున్నాడు, అంతే కదా.

ఓరుగల్లు_రాణి:
1982లో చైనాలో కూర్చుని ఈ మాట అని చూడండి పాతరీలు గారూ, మచ్చ ఏంటో వాళ్లే చెప్తారు.

బెజవాడ_కుర్రోడు:
ఆ 1982 సినిమా మంచి ప్రింట్ ఎక్కడ దొరుకుతుంది? నేను చూసింది మూడు చోట్ల డబ్బింగ్ మారిపోయే కాపీ.