ముందు చక్రాల బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకున్నవాళ్ళు చెప్పండి

బెజవాడ_స్విఫ్ట్
అందరికీ నమస్కారం. నాది 2015 స్విఫ్ట్ డీజిల్, 90,000 కిలోమీటర్లు దాటింది. బ్రేక్ నొక్కితే కీచుమంటోంది. 80 మీద వెళ్తూ బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది. షోరూమ్‌లో చూపిస్తే ముందు డిస్కులు, ప్యాడ్లు రెండూ మార్చాలన్నారు, లేబర్‌తో కలిపి పదకొండు వేల చిల్లర ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. అవే సామాన్లు బయట దాదాపు సగానికే వస్తున్నాయి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు నేనే మార్చుకుంటాను, బ్రేకుల పని మాత్రం ఇంతవరకు ముట్టుకోలేదు. నా సందేహాలు: డిస్కులు నిజంగా మార్చాలా, ప్యాడ్లు చాలా? ఏ కంపెనీ ప్యాడ్లు మంచివి? బ్రేక్ ఆయిల్ తీయాలా? టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించాలో కొలిచి చెప్పే పానా) తప్పనిసరా?

సిటీ_నడిపే_శీను
చేసెయ్ బ్రదర్, అంత బ్రహ్మవిద్యేం కాదు. నేను హోండా సిటీకి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే చేశాను. అసలు కష్టం కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) దగ్గర కాదు, డిస్కును పట్టి ఉంచే ఆ రెండు స్టార్ స్క్రూల దగ్గర. ఏళ్ళ తరబడి వేడికి, తుప్పుకి బిగుసుకుపోయి ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే తల నున్నగా అరిగిపోతుంది, ఇక డ్రిల్లే గతి. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ దొరుకుతుంది, అది కొనుక్కో. బిట్ సరిగ్గా కూర్చోబెట్టి, ఎడమకు తిప్పి పట్టుకుని, గట్టిగా ఒక్కటివ్వాలి. 'టక్'మని వదిలిన చప్పుడు విన్నాక వచ్చే ఆనందం వేరు! డిస్కు హబ్‌కి (చక్రం బిగించే మధ్య భాగానికి) అతుక్కుపోతే దాని మీదున్న రెండు మరల రంధ్రాల్లో ఎం8 బోల్టులు పెట్టి, ఇటు కొంచెం అటు కొంచెం బిగిస్తూ పో. దానంతట అదే బయటికొస్తుంది.

ఆటోనగర్_మేస్త్రీ
తమ్ముడూ, ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలోనే ఉన్నాను. నా చేతి మీదుగా వెళ్ళని కంపెనీ బండి లేదు. డిస్కులు కొనకు, డబ్బు దండగ. స్టీరింగ్ వణుకుతోందంటే డిస్కు వంకరపోయింది, అంతే. మన ఆటోనగర్‌లోనే లేత్ మీద ఫేసింగ్ (పైపొర చెక్కి సమం చేయడం) చేయించు. రెండు డిస్కులకూ కలిపి వెయ్యి రూపాయలు కూడా అవ్వదు, అద్దంలా వస్తుంది. కొత్త ప్యాడ్లు వేసుకో, హాయిగా తిరుగు. షోరూమ్ వాళ్ళు సామాను అమ్ముకోవడానికి మార్చాలంటారు.

పుణె_తెలుగు_ఇంజినీర్
మేస్త్రీ గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే అంటున్నాను, ఈ సలహా ప్రమాదం. దాదాపు ప్రతి డిస్కు మీదా దాని కనీస మందం అచ్చు వేసి ఉంటుంది, 'మిన్ టీహెచ్' అని. 90,000 తిరిగిన డిస్కు ఇప్పటికే ఆ అంకెకు దగ్గర్లో ఉంటుంది. ఇంకా లేత్ పట్టిస్తే దాని కిందికి పోతుంది. పల్చబడ్డ డిస్కు వేడిని పట్టుకోలేదు, త్వరగా కాలుతుంది, పగుళ్ళిస్తుంది.

రెండో మాట. నూటికి తొంభై సందర్భాల్లో డిస్కు వంకరపోవడం అనేదే ఉండదు. హబ్ మీద తుప్పు చేరి డిస్కు సమంగా కూర్చోకపోతే, తిరిగేటప్పుడు ఒక పక్కకు కొద్దిగా ఊగుతుంది. ప్యాడ్లు ఆ ఒక్క చోటే రాసుకుంటూ పోతాయి, కొన్ని వేల కిలోమీటర్లకు డిస్కు మందంలో తేడా వస్తుంది. ఆ తేడాయే మన చేతికి వణుకుగా తెలిసేది. హబ్ శుభ్రం చేయకుండా మీరు అద్దంలా చెక్కించిన డిస్కు పెట్టినా, నాలుగైదు నెలల్లో మళ్ళీ అదే కథ.

బెజవాడ_స్విఫ్ట్ గారూ, ముందు కొలవండి. మామూలు వెర్నియర్ పెడితే డిస్కు అంచున అరగకుండా మిగిలిన గట్టు తగిలి మందం ఎక్కువ చూపిస్తుంది. రెండు వైపులా ఒక్కో రూపాయి బిళ్ళ ఆనించి, మొత్తం కొలిచి, బిళ్ళల మందం తీసేయండి. డిస్కు చుట్టూ ఏడెనిమిది చోట్ల కొలవండి.

ఆటోనగర్_మేస్త్రీ
ఇంజినీరు గారూ, పుస్తకాలు మేమూ చూశాం. రూపాయి బిళ్ళలతో బ్రేకులు బాగుచేసినవాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఎన్ని వందల డిస్కులు ఫేసింగ్ చేయించానో నాకే లెక్క లేదు, ఒక్కడూ వెనక్కి రాలేదు.

పుణె_తెలుగు_ఇంజినీర్
బిళ్ళలు కొలవడానికండీ, బాగుచేయడానికి కాదు. వెనక్కి రాలేదంటే బాగుందని అర్థం కాదు, వేరే గ్యారేజీకి వెళ్ళి ఉండొచ్చు కూడా. మందం కొలవకుండా లేత్ ఎక్కించడం తప్పు. ఇది ఎక్కడైనా చెప్తాను.

విశాఖ_సాగరి
వణుకు గురించి నా అనుభవం చెప్తాను, ఇంజినీర్ గారి మాట అక్షరాలా నిజం. మాది బీచ్ రోడ్డుకు దగ్గర, ఉప్పుగాలికి రెండు రోజులు బండి తీయకపోతే డిస్కుల మీద ఎర్రటి పొర కనిపిస్తుంది. పేరున్న ఒక గ్యారేజీలో కొత్త డిస్కులు వేయించాను. మూణ్ణెల్లకే వణుకు మళ్ళీ మొదలైంది. వాళ్ళు టైర్లు బ్యాలెన్సింగ్ అన్నారు, అలైన్‌మెంట్ అన్నారు, రెండింటికీ డబ్బులు తీసుకున్నారు. చివరికి నేనే చక్రం విప్పి డిస్కు తీసి చూస్తే హబ్ మీద తుప్పు పెచ్చులు పెచ్చులుగా అలాగే ఉంది, దాని మీదే కొత్త డిస్కు బిగించేశారు! వైర్ బ్రష్‌తో, తర్వాత ఎమరీ పేపరుతో హబ్ లోహం మెరిసేదాకా రుద్దాను. స్టడ్ల మొదట్లో గోరంత తుప్పు కూడా వదల్లేదు. కాస్త తేడా పడ్డ ఆ డిస్కుల్ని పక్కన పెట్టి వేరేవి వేశాను. ఇప్పుడు 100 మీద బ్రేక్ వేసినా స్టీరింగ్ కదలదు. హబ్ శుభ్రం చేయడం కోసమే సొంతంగా చేసుకోమంటాను. ఆ పనికి ఎవడూ టైం పెట్టడు.

ఆటోనగర్_మేస్త్రీ
చూడమ్మా, ఆ గ్యారేజీవాడు పని దొంగ, అంతవరకు ఒప్పుకుంటాను. హబ్ తుడవకుండా డిస్కు పెట్టేవాడు మేస్త్రీయే కాదు. దానికీ లేత్‌కీ సంబంధం లేదు.

డాలస్_గోదారోడు
ఇక్కడ ఆటో పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కడితే కాలిపర్‌లో ప్యాడ్‌ని తోసే పిస్టన్‌ని వెనక్కి నొక్కే టూల్, టార్క్ రెంచ్ అన్నీ చేతికిస్తారు, తిరిగి ఇచ్చేస్తే మొత్తం డబ్బు వెనక్కి. ఇండియాలో ఇలాంటిది రాకపోవడం నాకు నిజంగా బాధ. ఎవరైనా మొదలుపెట్టాలి. ఇంకో విషయం, వెనక డిస్కులున్న బండ్లు జాగ్రత్త. హ్యాండ్‌బ్రేక్ కాలిపర్‌లోనే ఉంటే చాలా వాటికి పిస్టన్‌ని నొక్కడం కాదు, తిప్పుతూ లోపలికి పంపాలి. బటన్ హ్యాండ్‌బ్రేక్ ఉన్నవాటిని ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే మోటార్ పాడవుతుంది.

సిటీ_నడిపే_శీను
అన్నా, ఆయనది స్విఫ్ట్. వెనక డ్రమ్ బ్రేకులే, డిస్కులు లేవు.

డాలస్_గోదారోడు
చదివేవాళ్ళు ఆయనొక్కరే కాదు కదా బ్రదర్.

చిత్తూరు_ఘాట్
అందరూ డిస్కుల మీద పడ్డారు, బ్రేక్ ఆయిల్ సంగతి ఎవరూ మాట్లాడలేదు. నేను తిరుమల ఘాట్‌లో ట్యాక్సీ నడుపుతాను. కిందికి దిగే దారిలో న్యూట్రల్‌లో వేసి బ్రేక్ మీద కాలు పెట్టి దిగేవాళ్ళని రోజూ చూస్తున్నాను, మలుపు మలుపుకీ మాడు వాసన. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టిందాని ప్రమాణం 155 డిగ్రీలే. ఘాట్‌లో ఆ వేడి ఎక్కడం ఎంతసేపు? ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వచ్చాయంటే పెడల్ నేల దాకా పోతుంది, బండి ఆగదు. రెండేళ్ళకోసారి మొత్తం మార్చండి. ఎక్కిన గేర్లోనే దిగండి. దండం పెట్టి చెప్తున్నాను.

రాణిగంజ్_రౌండ్లు
డాట్ 5.1 వేసుకుంటే ఇంకా మంచిది కదా, 260 డిగ్రీలు. నేను డాట్ 5 వేద్దామనుకుంటున్నాను, అంకె పెద్దదైతే ఇంకా మేలని.

పుణె_తెలుగు_ఇంజినీర్
అయ్యో, ఆగండి! డాట్ 5 సిలికాన్ రకం, డాట్ 3, 4, 5.1 గ్లైకాల్ రకం. రెండూ కలవవు. ఏబీఎస్ ఉన్న మామూలు బండిలో డాట్ 5 పోయకండి. బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద ఏం రాసి ఉందో అదే పోయండి.

రాణిగంజ్_రౌండ్లు
మంచిపని చేశారు చెప్పి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ప్యాడ్లు కొనేవాళ్ళకి నా మాట కూడా వినండి. నాకిచ్చిన డబ్బా ఒరిజినల్‌దే, లోపల సరుకు నకిలీ. ప్యాడ్ వెనక రేకు మీద నంబరు పెయింట్‌తో వేసి ఉంది, గోటితో గీకితే ఊడింది. వేసిన వారానికే డిస్కు మీద గీతలు. బిల్లు ఇవ్వనన్న కొట్లో కొనకండి.

బెజవాడ_స్విఫ్ట్
అన్నీ బాగున్నాయి. టార్క్ రెంచ్ సంగతి ఎవరూ చెప్పలేదు. కొలిచాను కూడా: రెండు డిస్కులూ అచ్చు వేసిన అంకె కంటే దాదాపు అర మిల్లీమీటరు తక్కువే ఉన్నాయి.

పుణె_తెలుగు_ఇంజినీర్
ఇంకేముంది, మార్చాల్సిందే. జతగా రెండూ మార్చండి, ప్యాడ్లు కూడా కొత్తవే. మేస్త్రీ గారూ, చూశారా?

ఆటోనగర్_మేస్త్రీ
అంకె కంటే తగ్గితే మార్చమనే నేనూ అంటాను. తగ్గని డిస్కుని పారేయమంటే మాత్రం ఒప్పుకోను. తమ్ముడూ, ఇది రాసుకో. ఒక్క జాకీ మీద బండి పెట్టి పని చేయకు, కింద స్టాండ్లు పెట్టు. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టు. కాలిపర్‌ని బ్రేక్ ఆయిల్ గొట్టానికి వేలాడదీయకు, తీగతో స్ప్రింగ్‌కి కట్టు. పిస్టన్ నొక్కే ముందు బ్రేక్ ఆయిల్ డబ్బా నిండుగా ఉందేమో చూడు, పొర్లితే బండి పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్ళు పోయాలి. కాలిపర్ జారే పిన్నులకి బేరింగ్ గ్రీజు రాసేవాళ్ళున్నారు, రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది, సిలికాన్ గ్రీజే రాయి. డిస్కు మీద, ప్యాడ్ ముఖం మీద జిడ్డు చెయ్యి పెట్టకు.

సిటీ_నడిపే_శీను
టార్క్ రెంచ్ కావాల్సిందే బ్రదర్. నా సిటీ చక్రం నట్లకి 108 న్యూటన్ మీటర్లు, నీ అంకె నీ మాన్యువల్‌లో ఉంటుంది. కాలిపర్ బ్రాకెట్ బోల్టులకి ఇంకా ముఖ్యం. పైపు తగిలించి ఒళ్ళు బరువంతా వేసి బిగిస్తే రేపు రోడ్డు మీద పంక్చరైనప్పుడు విప్పలేవు.

విశాఖ_సాగరి
కొత్తవి వేశాక మొదటి రోజే గట్టిగా బ్రేక్ వేయకండి. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10కి నెమ్మదిగా తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా, కొన్నిసార్లు చేయండి. మధ్యలో చల్లారనివ్వండి. ప్యాడ్ పొర డిస్కు మీద సమంగా పడుతుంది.

ఆటోనగర్_మేస్త్రీ
దానికంటే ముందు ఇంకోటి. పని అయ్యాక ఇంజిన్ స్టార్ట్ చేయకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కుతూ ఉండు. పిస్టన్ వెనక్కి పోయి ఉంటుంది, మొదటి తొక్కుకి బ్రేక్ ఉండదు. గేటు దాటకముందే గోడ తగులుతుంది.

చిత్తూరు_ఘాట్
మేస్త్రీ గారూ, నా ఇన్నోవాకి దిగేటప్పుడు ఎడమ ముందు చక్రం ఒక్కటే మాడు వాసన వస్తోంది, కుడిది చల్లగా ఉంటోంది. పిన్ను పట్టేసిందంటారా, గొట్టం లోపల ఉబ్బిందంటారా?

ఆటోనగర్_మేస్త్రీ
జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పు. బ్రేక్ తొక్కి వదిలాక కూడా తిరగకపోతే కాలిపర్ మీది బ్లీడింగ్ నిపుల్ (ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) కొద్దిగా లూజ్ చెయ్. ఆయిల్ చిమ్మి చక్రం వదిలేసిందా, గొట్టంతో మొదలుపెట్టు. అప్పటికీ వదల్లేదా, పిన్నో పిస్టనో. ఏది కనిపించిందో ఇక్కడే రాయి, గొట్టమైతే రెండు వైపులా మార్చాలి.