షుగర్ ఉన్న అమ్మకు వదలని వికారం: ఇంకా ఏ పరీక్ష చేయించాలి?

ప్రశ్న (గోపాలపట్నం నుంచి)

మా అమ్మకు 61 ఏళ్లు. చాలా కాలంగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంది. సంక్రాంతి ముందు నుంచి వికారం పట్టుకుంది. పొద్దున బాగానే ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మొదలై రాత్రి దాకా వదలదు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయిందంటుంది. ఎండోస్కోపీ, స్కానింగ్, రక్తపరీక్షలు చేయించాం. ఏమీ లేదన్నారు. చివరికి ఒక డాక్టరు టెన్షన్ అని తేల్చేశారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. సింహాచలం కొండకు ఉత్సాహంగా బయలుదేరే మనిషి ఇప్పుడు బస్సు ఎక్కాలంటేనే భయపడుతోంది.

మొన్న రాత్రి వాంతి అయితే మధ్యాహ్నం తిన్న తోటకూర అలాగే కనబడింది. ఇది మామూలేనా?

జవాబు (అక్కయ్యపాలెం, మందుల షాపు)

అమ్మగారికి మెట్‌ఫార్మిన్ మోతాదు ఈ మధ్య పెంచారా? ఆ మందుతో వికారం చాలామందికి వస్తుంది. భోజనంతో పాటు వేసుకుంటే, లేదా నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మారిస్తే తగ్గవచ్చు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

జవాబు (పెదగంట్యాడ)

తోటకూర సంగతి చాలా ముఖ్యమండి, డాక్టరుకు తప్పక చెప్పండి. మా నాన్నగారికీ ఇంతే. షుగర్ వల్ల కడుపును నడిపే నరం దెబ్బతింటే తిన్నది కిందికి త్వరగా దిగదు. దాన్ని గ్యాస్ట్రోపరేసిస్ అంటారు. ఎండోస్కోపీలో పుండు, అడ్డు కనిపిస్తాయి గానీ, కడుపు ఎంత వేగంగా ఖాళీ అవుతోందో తెలియదు. అందుకు న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో వేరే పరీక్ష ఉంది. కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం కలిపిన ఆహారం పెట్టి 4 గంటల దాకా ఫొటోలు తీస్తారు. చివరికి 10 శాతం కన్నా ఎక్కువ మిగిలితే ఆలస్యం ఉన్నట్టే. ఎక్కువగా గుడ్డే పెడతారు, అమ్మగారు తినకపోతే ముందే అడగండి. వాంతులు తగ్గించి కడుపును త్వరగా కదిలించే డోంపెరిడోన్ లాంటి మందులు వాడుతుంటే, పరీక్షకు ముందు ఎన్ని రోజులు ఆపాలో కూడా కనుక్కోండి.

గోపాలపట్నం

మోతాదు పెంచలేదండి, చాలా కాలంగా అదే. గుడ్డు తింటుంది. డోంపెరిడోన్ రోజూ వేసుకుంటోంది! ఆ సంగతి ఎవరూ అడగలేదు. సోమవారం ఇవన్నీ కాగితం మీద రాసుకుని గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళతాం.

పెదగంట్యాడ

అప్పటిదాకా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. పీచు, నూనె ఎక్కువున్నవి తగ్గించండి, ఆకుకూర కొన్నాళ్లు వద్దు. షుగర్ బాగా పెరిగితే కడుపు ఇంకా మందగిస్తుంది. వాంతిలో రక్తం, నల్లటి విరేచనం కనిపించినా, నీళ్లు కూడా నిలవకపోయినా సోమవారం కోసం ఆగకండి. వికారంతో పాటు చెమటలు, ఆయాసం వస్తే వెంటనే ఈసీజీ తీయించండి. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా కూడా వస్తుంది.