నా కన్నీళ్లు నీ బుడ్డిలో, నీ కవిలెలో: 56వ కీర్తన 8వ వచనం

ఆదోని నుంచి: ఈ ఆదివారం వాక్యం చదివే వంతు నాది. "నా సంచారములను నీవు లెక్కించియున్నావు, నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడియున్నవి, అవి నీ కవిలెలో కనబడును గదా." బుడ్డి అనగానే వెనక కూర్చున్న కుర్రోళ్లు కిసుక్కుమంటారు, వాళ్లకు తెలిసిన బుడ్డి బ్రాందీ షాపుది. కవిలె అంటే నాకే సరిగా తెలీదు. సీసా, పుస్తకం అని మార్చి చదివితే తప్పా?

గుత్తి నుంచి: మార్చొద్దప్పా. మా ఇంట్లో బుడ్డి అంటే కిరసనాయిలు దీపం. ఊరికో అర్థం ఉందని వాక్యాన్ని దిద్దుకుంటూ పోతామా?

కడప నుంచి: దీపం కూడా కాదన్నా. హీబ్రూలో అక్కడున్న మాట 'నోద్', అంటే తోలుతిత్తి. అదే మాట 119వ కీర్తన 83లో వస్తే మన బైబిల్లో "పొగ తగులుచున్న సిద్దె" అని ఉంది. న్యాయాధిపతుల గ్రంథం 4వ అధ్యాయంలో, దాహమన్న సేనాపతి సీసెరాకు యాయేలు అనే ఆమె "పాలబుడ్డి విప్పి" తాగడానికిచ్చింది. ఆ 'విప్పి' చూడండి. గాజు సీసాకైతే మూత తీస్తాం. విప్పేది మూతికి తాడు కట్టిన తోలుసంచిని. అంటే మన అనువాదకులు బుడ్డి అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది తిత్తే అనుకుంటాను. నీళ్లు దొరకని దేశంలో తిత్తిలో పోసి మూతి బిగించేది పారబోయడానికి కాదు, దాచుకోవడానికి.

ఇక కవిలె. నాకు ఈ వచనంలో బాగా నచ్చిన మాట అదే. కరణం దగ్గరుండే ఊరి లెక్కల దస్త్రం అది. తాటాకుల మీద రాసి కట్ట కట్టేవాళ్లు, కవిలెకట్ట అనేది అందుకే. 1800లో నిజాం మన జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక, కంపెనీ సర్వే అధికారి మెకంజీ మనుషులు ఈ దత్తమండలాల్లో ఊరూరూ తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాసుకున్నారు. అప్పుడు వాళ్లకు ఆధారమైనవాటిలో ఈ కవిలెలూ ఉన్నాయి. 1984లో కరణాల పదవే రద్దయింది, దాంతో పాటు మాటా మరుగున పడింది. హీబ్రూలో 'లెక్కించియున్నావు' అన్న క్రియ, ఈ 'కవిలె' అన్న మాట ఒకే ధాతువు నుంచి వచ్చినవి. 'పుస్తకం' అంటే ఆ లెక్క పోతుంది. ప్రకటన గ్రంథంలో గ్రంథములు, జీవగ్రంథము అని రాసినవాళ్లు ఇక్కడ కవిలె అన్నారంటే ఊరికే అనలేదు.

అనంతపురం నుంచి: మేడమ్, మాటైతే బాగుంది. కానీ కరణం కవిలె అంటే మా తాతలకు హడల్. అక్కడ గీత అటూ ఇటూ అయితే పొలం పోయేది. దేవుని దయ చెప్పడానికి ఆ మాటేనా దొరికింది?

కడప నుంచి: ఆ హడల్ ఎందుకు సార్? అందులో రాస్తేనే ఉన్నట్టు కాబట్టి. మీ జిల్లాలో శనక్కాయ ఎండిపోతే ఏం జరుగుతుందో నాకంటే మీకే తెలుసు. చేనుగట్టున నిలబడి చెట్టు పీకి, ఊడలు దిగినా కాయ పట్టలేదని చూసి, 'అయ్యో పాపం' అని జీపెక్కి పోయేవాళ్లుంటారు. తీరా ఇన్సూరెన్స్ కోసం పోతే సర్కారు పంటల నమోదు ఈ-క్రాప్‌లో పేరు లేదంటారు. పాపం అన్న మాటకు పైసా రాదు, రాసుకున్న మాటకు వస్తుంది. దావీదు గాతు అనే ఊళ్లో శత్రువులైన ఫిలిష్తీయుల చేతిలో చిక్కినప్పటి కీర్తన ఇది. ఆయన అడుగుతున్నది జాలిపడమని మాత్రమే కాదు, నా ఏడుపు నీ లెక్కలో ఉంది గదా అని. నిర్గమకాండం 3లోనూ అదే వరస. ప్రజల బాధను చూశాను, మొర విన్నాను, వాళ్ల దుఃఖాలు నాకు తెలుసు అంటాడు దేవుడు. ఆ వెంటనే విడిపించడానికి దిగివచ్చానంటాడు.

కర్నూలు నుంచి: ఒక్క మాట కలుపుతా. కొలొస్సయులకు రాసిన పత్రిక 2:14లో మన మీదున్న ఋణపత్రాన్ని సిలువకు మేకులతో కొట్టి, దాని మీది రాతను తుడిచేశాడని ఉంది. అప్పు లెక్క చెరిపినవాడు కన్నీళ్ల లెక్క ఉంచుకున్నాడు. ఏ కరణమూ ఇట్లా రాయడు!

అనంతపురం నుంచి: సరే, ఒప్పుకున్నా. సగం.

ఆదోని నుంచి: అందరికీ థాంక్స్. ఉన్నది ఉన్నట్టే చదువుతా, తోలుతిత్తి సంగతి ముందే చెప్పేస్తా. మరి 'సంచారములు' అంటే? మా పిల్లలు టూర్ అనుకుంటారు.

కడప నుంచి: తరిమితే చోటు లేక తిరగడం అన్నా. సౌలు రాజుకు భయపడి దావీదు కొండలు గుహలు పట్టుకుని తిరిగాడు కదా, అది.

ఆదోని నుంచి: అయితే సుగ్గి అని చెప్తే సరిగ్గా అర్థమవుతుంది. మా సంఘంలో సగం మంది మిరప కోతలకు గుంటూరు వైపు పోయినోళ్లే.

కడప నుంచి: సుగ్గికి పోయేది కూలి కోసం, దావీదు పరుగెత్తింది ప్రాణం కోసం. ఆ తేడా చెప్పి వాడండి, బాగుంటుంది.

గుత్తి నుంచి: ఇంతకీ 119లో ఆ సిద్దెకు పొగెందుకు తగిలింది?

కడప నుంచి: దానికి వేరే పోస్టు పెట్టన్నా, ఇది ఇప్పటికే పొడుగైంది.