బాంబు పేలిన దేశమా, నిందితుడు దొరికిన దేశమా: విచారణ హక్కు ఎవరిది?

సుధారాణి:
జనం తిరిగే చోట బాంబు పెట్టి సరిహద్దు దాటినవాడు మరో దేశంలో పట్టుబడితే, పేలుడు జరిగిన దేశానికే అప్పగించాలి. సాక్షులు ఉన్నది అక్కడ, ఆధారాలు దొరికింది అక్కడ, గాయపడినవాళ్లు కోర్టుకు రాగలిగేది అక్కడ. పట్టుకున్న దేశం "మేమే విచారిస్తాం" అనడం నేరస్థుడికి నీడనివ్వడమే.

నరసింహం:
నీడనివ్వడం అన్న మాట ఒప్పుకోను సుధారాణి గారూ. ఉగ్రవాద బాంబు దాడుల అణచివేతకు ఐక్యరాజ్యసమితి 1997లో ఆమోదించిన ఒప్పందం చూడండి. 8వ అధికరణం ప్రకారం నిందితుణ్ణి అప్పగించాలి. అప్పగించకపోతే ఏ మినహాయింపూ లేకుండా కేసును తన ప్రాసిక్యూషన్ అధికారుల ముందు పెట్టాలి. నేరం మా గడ్డ మీద జరగలేదన్న సాకు చెల్లదు. ఇది రాజకీయ నేరం కాబట్టి అప్పగించం అనే దారిని 11వ అధికరణం మూసేసింది. ఇక నీడ ఎక్కడుంది?

పద్మాకర్:
కేసు పెట్టడం వేరు, మనసు పెట్టి నడపడం వేరు.

సుధారాణి:
అదే నా భయం. 1988 డిసెంబరు 21న స్కాట్లాండ్‌లోని లాకర్‌బీ ఊరి మీద విమానం పేలి 270 మంది చనిపోయారు. అనుమానితులు మా పౌరులు, మేమే విచారించుకుంటాం అంది లిబియా. విమానాలపై దాడుల గురించిన 1971 నాటి మాంట్రియల్ ఒప్పందాన్ని చూపించింది. భద్రతామండలి ఆంక్షలు పెడితే 1999లో గాని వాళ్లను అప్పగించలేదు. అదీ నెదర్లాండ్స్ కోర్టులో విచారణ!

నరసింహం:
నెదర్లాండ్స్ కోర్టు కాదు. నేల మాత్రమే నెదర్లాండ్స్‌ది. కోర్టు స్కాట్లాండ్‌ది, చట్టం స్కాట్లాండ్‌ది, న్యాయమూర్తులు ముగ్గురూ అక్కడివాళ్లే. జ్యూరీ లేదు. ఒకరికి శిక్ష పడింది, ఒకరు నిర్దోషిగా బయటపడ్డారు. తటస్థ స్థలంలో కూడా విచారణ సాధ్యమేనని తేలింది కదా.

సుధారాణి:
పదకొండేళ్లు ఆగిన కుటుంబాలకు నేల ఎవరిదన్నది ముఖ్యమా?

నరసింహం:
ముఖ్యమే. ఎవరి చట్టం అన్నదే అసలు ప్రశ్న.

భారతి:
ఇద్దరూ లాకర్‌బీ దగ్గరే ఆగిపోయారు. అబూ సలేం సంగతి చూడండి. 1993 ముంబయి పేలుళ్ల కేసు, 257 మంది మృతి. ఉరి వేయబోమని, పాతికేళ్లకు మించి జైలులో ఉంచబోమని భారత్ మాట ఇచ్చాకే 2005లో పోర్చుగల్ అప్పగించింది. 2017లో యావజ్జీవ శిక్ష పడినా, ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

సుధారాణి:
చూశారా! చనిపోయింది ఒకచోట, శిక్షకు హద్దు గీసింది మరోచోట.

నరసింహం:
ఆ హద్దు లేకపోతే అప్పగింతే ఉండేది కాదు. ఆవేశంతో చట్టం నడవదు.

సుధారాణి:
ఆవేశమా? విదేశంలో బస్సులో పేలిన బాంబుకు మా తమ్ముడు బలయ్యాడు. విచారణ మూడో దేశంలో జరిగింది. మాకు ఆ భాష రాదు, వీసా ఇవ్వలేదు. నిందితుణ్ణి వదిలేశారన్న సంగతి పత్రికలో చదివి తెలుసుకున్నాం. మీ అధికరణాల్లో మా అమ్మకు ఒక్క కుర్చీ ఉందా?

నరసింహం:
లేదు. బాధితుల హాజరు గురించి ఆ ఒప్పందంలో ఒక్క అధికరణమూ లేదు. కానీ నా మాటా వినండి. మా చిన్నాన్నను ఒక పేలుడు కేసులో పేరు కలిసిందని పట్టుకెళ్లారు. ఏళ్ల తరబడి జైల్లో ఉంచాక నిర్దోషి అన్నారు. దెబ్బతిన్న దేశం తొందరలో ఉంటుంది, ఎవరో ఒకరు కావాలి దానికి. మతం, జాతి, రాజకీయ అభిప్రాయం చూసి శిక్షిస్తారని గట్టి ఆధారం ఉంటే అప్పగించనక్కర్లేదని 12వ అధికరణం చెబుతుంది. నేను పట్టుకు వేలాడేది దాన్నే.

భారతి:
అయితే గొడవ విచారణ ఏ దేశంలో అన్నది కాదు. దెబ్బతిన్న దేశాన్ని న్యాయమూర్తిగా నమ్మాలా వద్దా అన్నది.

సుధారాణి:
నేను నమ్ముతాను. మా తమ్ముడి కోసం కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు అక్కడే ఉన్నారు.

నరసింహం:
సరిగ్గా అందుకే నేను నమ్మను. ఉరి ఉండదని రాసిస్తే, పరిశీలకులను కూర్చోనిస్తే అప్పగింతకు ఒప్పుకుంటాను.

సుధారాణి:
పరిశీలకులు రావచ్చు. ఉరి విషయంలో మాత్రం నా దగ్గర మాట తీసుకోలేరు.