ఏహెచ్‌యూ చల్లనీటి వాల్వ్ నిలకడగా ఉండటం లేదు: అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు

మాదాపూర్_నిర్వహణ:
అందరికీ నమస్కారం. మాదాపూర్‌లో ఒక తొమ్మిది అంతస్తుల కార్యాలయ భవనంలో ఏహెచ్‌యూల (గాలిని చల్లబరిచి గదులకు పంపే యంత్రాల) నిర్వహణ నా బాధ్యత. అన్నీ బీఎంఎస్ (భవనంలోని యంత్రాలను నడిపే కంప్యూటర్ వ్యవస్థ) ద్వారా ఆటోలోనే నడుస్తాయి. నాలుగో అంతస్తు ఏహెచ్‌యూలో చల్లనీటి వాల్వ్ నాలుగైదు నిమిషాలకొకసారి 20 శాతం నుంచి 80 శాతం వరకూ తెరుచుకుని, మళ్లీ వెనక్కి వస్తోంది. సప్లై గాలి సెట్‌పాయింట్ (ఉండాల్సిన ఉష్ణోగ్రత) 14 డిగ్రీలు కాగా, నిజంగా వచ్చే గాలి 11 నుంచి 17 డిగ్రీల మధ్య ఊగుతోంది. డిఫ్యూజర్ (పైకప్పులో గాలి వచ్చే జాలీ) కింద కూర్చున్నవారు శాలువా కప్పుకుంటుంటే, కిటికీ పక్కనున్నవారు ఉక్కపోస్తోందని ఫోన్ చేస్తున్నారు. కంట్రోల్స్ వారు రెండుసార్లు వచ్చి పీఐడీ విలువలు (వాల్వ్ ఎంత వేగంగా స్పందించాలో తేల్చే అంకెలు) మార్చారు. రెండు రోజులు నయమనిపించి మళ్లీ మొదటికే వచ్చింది. వాల్వ్‌ను 45 శాతం దగ్గర హ్యాండ్‌లో (ఆటో తీసేసి ఒకేచోట నిలిపి) పెట్టేద్దామని షిఫ్టులోని వారు అంటున్నారు గానీ, నాకు మనసు ఒప్పడం లేదు.

విశాఖ_కంట్రోల్స్:
దయచేసి హ్యాండ్‌లో పెట్టకండి. ఈ రోజు 45 శాతం సరిపోవచ్చు; రేపు మబ్బు పట్టినా, సగం మంది సెలవు పెట్టినా అదే నీరు కాయిల్‌లోకి (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్టలోకి) పోతూనే ఉంటుంది, హ్యాండ్‌లో ఉందన్న సంగతి నెల తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు. ముందుగా ట్రెండ్‌ను (బీఎంఎస్ నమోదు చేసే రీడింగుల గ్రాఫ్‌ను) ఒక్క నిమిషం విరామంతో పెట్టి చూడండి. చాలా భవనాల్లో అది 15 నిమిషాలకు ఉంటుంది. నాలుగు నిమిషాల ఊగిసలాట అందులో సరిగా కనిపించదు. ఆ తరువాత అంకెలను వదిలి వాల్వ్ దగ్గరకే వెళ్లండి. బీఎంఎస్ నుంచి ఐదు శాతం చొప్పున ఆదేశం ఇస్తుంటే ఒకరు వాల్వ్ కడ్డీని కళ్లారా చూడాలి. యాక్చుయేటర్ (వాల్వ్‌ను తిప్పే మోటారు) తిరిగినా కడ్డీ కదలకపోతే ఆ మధ్యలో వదులు ఉన్నట్టే. అలాంటి వదులు ఉన్నచోట కంట్రోలర్ సెట్‌పాయింట్‌కూ గాలికీ మధ్య తేడాను కూడబెట్టుకుంటూ ఆదేశాన్ని పెంచుతూ పోతుంది, వాల్వ్ ఒక్కసారిగా కదులుతుంది, గాలి అవసరానికి మించి చల్లబడుతుంది, మళ్లీ అదే వెనక్కి మొదలవుతుంది. దీనిని పీఐడీ విలువలతో నెమ్మదింపజేయవచ్చు గానీ పోగొట్టలేము.

పాత_సర్వీసు_మనిషి:
పై సలహా సరైనదే. దానితోపాటు వాల్వ్‌ను పూర్తిగా మూసి, పావుగంట ఆగి, కాయిల్‌కు ముందూ వెనుకా గాలి ఉష్ణోగ్రత కొలవండి. ఫ్యాన్ మోటారు వేడి వల్ల కాయిల్ దాటిన గాలి ఒక డిగ్రీ ఎక్కువగా ఉండవచ్చు. తక్కువగా ఉందంటే మాత్రం మూసిన వాల్వ్ గుండా నీరు కారుతున్నట్టే. సెన్సర్ కాయిల్‌కు మరీ దగ్గరగా, ఒకే బిందువు వద్ద ఉందేమో కూడా గమనించండి. కాయిల్ అంతటా గాలి ఒకే చల్లదనంతో రాదు కనుక, పెద్ద ఏహెచ్‌యూలలో అడ్డంగా పరిచే సగటు సెన్సరే నమ్మదగినది.

దుబాయ్_ఫెసిలిటీ:
వాల్వ్ కుదురుకున్నాక ఫ్యాన్ సంగతి చూడమని నా మనవి, అసలు ఆదా అక్కడే ఉంది. ఫ్యాన్ వేగం 50 హెర్ట్జ్ నుంచి 40కి తగ్గితే విద్యుత్తు, సిద్ధాంతం ప్రకారం, దాదాపు సగానికి పడిపోతుంది. అయితే డక్ట్ స్టాటిక్ ప్రెషర్ (గాలి గొట్టంలోని పీడనం) సెట్‌పాయింట్‌ను ఎప్పుడో ప్రారంభించిన రోజున పెట్టి అలాగే వదిలేస్తే ఆ లాభం పూర్తిగా దక్కదు. వీఏవీ డ్యాంపర్లన్నీ (ఒక్కో భాగానికి వెళ్లే గాలిని తగ్గించి పెంచే తలుపులు) సగం మూసుకుని ఉంటే ఫ్యాన్ ఆ అడ్డంకి మీదికి గాలిని నెడుతూ ఉంటుంది. 2018లో వచ్చిన ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం) గైడ్‌లైన్ 36 చెప్పే పద్ధతిలో, ఏ డ్యాంపరూ ఎక్కువ గాలి అడగనంతసేపు సెట్‌పాయింట్‌ను కొద్దికొద్దిగా తగ్గిస్తూ, డ్యాంపర్లు 95 శాతం దాటి తెరుచుకుని గాలి చాలడం లేదని తెలిపితే పెంచుతారు. ఒక్క జాగ్రత్త: తేమ ఎక్కువగా ఉండే మా ఊరిలోనూ, విశాఖలోనూ సప్లై గాలి ఉష్ణోగ్రతను ఆదా కోసం 17, 18కి పెంచితే గదిలో తేమ పోదు. థర్మామీటరు 24 చూపినా మనుషులకు జిడ్డుగానే ఉంటుంది.

మాదాపూర్_నిర్వహణ:
అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. శనివారం మనుషులు లేని వేళ విశాఖ గారు చెప్పినట్టే చేశాము. ఆదేశం 30 నుంచి 45కి వెళ్లేవరకూ కడ్డీ కదలలేదు, ఆపై ఒక్కసారిగా తిరిగింది. యాక్చుయేటర్‌ను కడ్డీకి పట్టి ఉంచే బిగింపు నట్టు వదులై, కడ్డీ మీద మెరిసేంత అరుగుదల గీత పడింది. బిగింపు మార్చి, పీఐడీని పాత విలువలకే తెచ్చాము. ఇప్పుడు ఒక నిమిషం ట్రెండ్‌లో సప్లై గాలి 13.6కు, 14.4కు మధ్యనే ఉంటోంది. మూసి చూసినప్పుడు నీరు కారడం లేదు.

ఆ ఉత్సాహంలో మిగతా అంతస్తులు తెరిచి చూస్తే, ఆరో అంతస్తు తాజా గాలి డ్యాంపర్ హ్యాండ్‌లో 10 శాతం దగ్గర ఉంది, ఎవరు ఎప్పుడు పెట్టారో లాగ్‌బుక్‌లో లేదు. అక్కడ సీఓ2 సెన్సర్ మధ్యాహ్నం 1,300 పీపీఎం (తాజా గాలి చాలడం లేదన్న గుర్తు) చూపుతున్నా డ్యాంపర్ కదలకపోవడానికి కారణం అదే. సోమవారం దానిని ఆటోలోకి తెస్తున్నాము. ఇకపై హ్యాండ్‌లో పెట్టిన ప్రతి పాయింటూ ఉదయం షిఫ్టు జాబితాలో కనిపించేలా బీఎంఎస్‌లో అలారం పెట్టించాను.